ఓఎల్‌టీ కొనేముందు: ఈపాన్, జీపాన్, ఎక్స్‌జీఎస్‌పాన్‌లలో ఒడిశా సరిహద్దు ఊళ్లకి ఏది సరిపోతుంది?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు కేబుల్ టీవీతో మొదలుపెట్టి ఇంటర్నెట్‌లోకి వచ్చిన మన ఆపరేటర్లలో చాలామంది ఇప్పుడు ఒకే చోట ఆగి ఉన్నారు. కొందరికి ఐదారేళ్ల కిందట పెట్టిన ఓఎల్‌టీ (మన హెడ్‌ఎండ్‌లో, అంటే కంట్రోల్ రూమ్‌లో, ఉండి ఫైబర్ మీద ఇళ్లకి ఇంటర్నెట్ పంపే పెట్టె) పోర్టులు నిండిపోయాయి. కొందరు పాత కోయాక్సియల్ తీసేసి కొత్తగా ఫైబర్ వేద్దామని చూస్తున్నారు. విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో వచ్చిన సేల్స్ కుర్రాడు "ఇంకా జీపానేంటి సార్, అందరూ టెన్ జీకి వెళ్లిపోతున్నారు" అంటాడు. పక్క టౌన్‌లో తెలిసినాయనేమో "ఈపాన్ చాలదేంటి? చవగ్గా వస్తుంటే" అంటాడు. ఈపాన్, జీపాన్, టెన్ జీ (సెకనుకి పది గిగాబిట్లు) ఇచ్చే ఎక్స్‌జీఎస్‌పాన్ మూడూ పాన్ రకాలే: ఒకే ఫైబర్‌ని కరెంటు అక్కర్లేని స్ప్లిట్టర్లతో చీల్చి చాలా ఇళ్లకి పంచే పద్ధతులు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఓఎల్‌టీ మీద ఖర్చు తగ్గించి, ఆ మిగిలింది కేబుల్ మీద, జాయింట్ల మీద పెట్టండి. సరిగ్గా వేసిన ఫైబర్ ఇరవై ఏళ్లు దాటినా పనిచేస్తుంది. ఓఎల్‌టీ పెట్టె ఆరేడేళ్లకి పాతదైపోతుంది, లేదా పాతదైపోయిందని మీకు చెప్తారు.

అమ్మేవాళ్ల మాట ఎంతవరకు నమ్మాలి

ఆప్టికల్ పరికరాల వ్యాపారంలో ఒక అలవాటుంది. ముందు ట్రాఫిక్ గురించి భయపెట్టి, తర్వాత దానికి మందు అమ్ముతారు. 1990ల చివర్లో ఇంటర్నెట్ ట్రాఫిక్ 100 రోజులకోసారి రెట్టింపవుతోందని వరల్డ్‌కామ్ చేతిలో ఉన్న యూయూనెట్ (అమెరికా ఇంటర్నెట్ కంపెనీ) వైపు నుంచి ప్రచారం జరిగింది. ఏటీ అండ్ టీ ల్యాబ్స్‌లో ఉన్న ఆండ్రూ ఒడ్లిజ్కో లెక్క తీస్తే రెట్టింపవడానికి దాదాపు ఏడాది పడుతోందని తేలింది. ఏడాదికి రెట్టింపు అంటే అదీ పెద్ద పెరుగుదలే. కానీ 100 రోజుల లెక్కని నమ్మి తవ్విన ఫైబర్, చేసిన పరికరాలు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. లూసెంట్ అయితే తన సామాను కొనడానికి కస్టమర్లకి తానే అప్పులిచ్చింది. అలా అప్పు తీసుకున్న విన్‌స్టార్ 2001లో దివాలా తీసింది. అదే ఏడాది లేజర్లు, ఫిల్టర్లు చేసే జేడీఎస్ యూనిఫేజ్ 5,000 కోట్ల డాలర్లకు పైగా నష్టం చూపించింది. వరల్డ్‌కామ్ 2002లో, పరికరాలు చేసే నోర్టెల్ 2009 జనవరిలో దివాలాకి వెళ్లాయి.

ఆ పెద్దవాళ్ల గొడవ రాయగడలో 600 కనెక్షన్లున్న మనకెందుకంటారా? మీ దగ్గర ఉన్న పెట్టె చేసిన కంపెనీ రేపు ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు కాబట్టి. నోర్టెల్ ఆప్టికల్ విభాగం సియెనాకి పోయింది. లూసెంట్ 2006లో అల్కాటెల్‌లో కలిసింది, ఆ రెండూ కలిపి 2016లో నోకియాలో కలిశాయి. 2025లో ఇన్ఫినేరా కూడా నోకియాలోకే వెళ్లింది. కంపెనీలు కలిసినప్పుడల్లా ఒకే పని చేసే రెండు సరుకుల్లో ఒకదాన్ని ఆపేయడం మామూలే. ఆగిపోయినదానికి ఫర్మ్‌వేర్ రాదు, కార్డు దొరకదు.

ఎన్‌జీపాన్2 ఇంకో ఉదాహరణ. నాలుగు తరంగదైర్ఘ్యాల మీద 40 జీ ఇస్తామని 2010ల మధ్యలో ప్రమాణం తెచ్చారు. ఇంట్లో పెట్టే ఓఎన్‌యూలో (ఫైబర్ చివర ఉండే చిన్న పెట్టె) రంగు, అంటే తరంగదైర్ఘ్యం, మార్చుకోగల లేజర్ ఉండాలి, దాని ధర దిగలేదు. అమెరికాలో వెరైజన్ తప్ప దాన్ని పెద్ద ఎత్తున తీసుకున్నవాళ్లు అరుదు. మిగతావాళ్లంతా సాదా ఎక్స్‌జీఎస్‌పాన్‌కి వెళ్లారు. ఇప్పుడు దాని తర్వాతి మెట్టు కోసం మళ్లీ రెండు శిబిరాలు తయారయ్యాయి: నోకియా ముందుండి నడిపే 25 జీ ఒకవైపు, ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం ప్రమాణాల సంస్థ) ప్రమాణమైన 50 జీ ఇంకోవైపు. ఏది గెలుస్తుందో తేలేదాకా డబ్బు పెట్టాల్సింది పెద్ద కంపెనీలు. మనం కాదు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది, రాత్రి 9 గంటల గ్రాఫ్. మీ అప్‌లింక్ (బయటి నుంచి ఇంటర్నెట్ తెచ్చే లైను) మీద ఆ గంటలో నడిచే ట్రాఫిక్‌ని అప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్న ఇళ్లతో భాగించండి. ఇంటికి 3 ఎంబీపీఎస్ వచ్చిందనుకుందాం. ఒక పాన్ పోర్టు మీద 64 ఇళ్లుంటే మొత్తం 192 ఎంబీపీఎస్. జీపాన్ పోర్టు కిందికి ఇచ్చేది 2,488 ఎంబీపీఎస్. అంటే పదో వంతు కూడా వాడలేదు. ఇంటి వాడకం మూడు రెట్లయినా 576 దగ్గర ఆగుతుంది. మీరు అమ్మే ప్లాన్ 300 ఎంబీపీఎస్ కావచ్చు, అది స్పీడ్ టెస్ట్ కొట్టే ఆ అర నిమిషం కోసం. సేల్స్ కుర్రాడు ప్లాన్ స్పీడ్‌ని 64తో గుణించి చూపిస్తాడు. మీరు గ్రాఫ్‌తో మాట్లాడండి.

రెండోది లైట్ లెక్క. కరెంటు బిల్లు చూసినట్టు దీన్ని కూడా కాగితం మీద వేసుకోవాలి. గుణుపురం లాంటి టౌన్‌లో హెడ్‌ఎండ్ నుంచి 6 కి.మీ. దూరంలో ఇల్లు. దారిలో ఒక ఫైబర్‌ని ఎనిమిదిగా చీల్చే 1:8 స్ప్లిట్టర్ ఒకటి, వీధి చివర ఇంకో 1:8. ఒక్కోటి 10.5 డీబీ (డెసిబెల్, లైట్ ఎంత తగ్గిందో చెప్పే కొలత) తింటుంది, రెండూ 21. ఫైబర్ మీద 1490 నానోమీటర్ల లైట్‌కి కి.మీ.కి 0.25 చొప్పున 1.5. ఎనిమిది స్ప్లైసులకి (ఫైబర్ అతుకులకి) 0.8, నాలుగు కనెక్టర్లకి 1.6. మొత్తం 24.9 డీబీ. ఓఎల్‌టీ +3 డీబీఎం (లైట్ బలానికి కొలత) వదిలితే ఇంటి దగ్గర పవర్ మీటర్ −21.9 చూపించాలి. బి ప్లస్ క్లాస్ జీపాన్ భరించేది 28 డీబీ. చేతిలో ఉన్నది 3 మాత్రమే. రోడ్డు వెడల్పు పనికొచ్చిన జేసీబీ ఏడాదికి నాలుగుసార్లు తెంపితే, వర్షంలో గొడుగు కింద కూర్చుని వేసిన ఆ కొత్త జాయింట్లు ఆ మూడింటినీ మింగేస్తాయి.

మూడోది కరెంటు, దారిలో ఎక్కడైనా కావాలా అన్నది. నాలుగోది, బయట దొరికే ఓఎన్‌యూ మీ ఓఎల్‌టీతో మాట్లాడుతుందా లేదా. ఐదోది, పాడైతే రెండు రోజుల్లో తెచ్చిచ్చే మనిషి ఉన్నాడా. చివరి రెండిటి గురించి బ్రోచర్‌లో ఒక్క ముక్క కూడా ఉండదు.

| చూడాల్సింది | స్విచ్‌లు, మీడియా కన్వర్టర్లు | ఈపాన్ | జీపాన్ | ఎక్స్‌జీఎస్‌పాన్ |
|---|---|---|---|---|
| పోర్టు వేగం (కిందికి / పైకి) | 100 ఎంబీ లేదా 1 జీ, రెండువైపులా | 1 జీ / 1 జీ | 2.5 జీ / 1.25 జీ | 10 జీ / 10 జీ |
| ప్రమాణం | ఈథర్నెట్ | ఐఈఈఈ 802.3ఏహెచ్, 2004 | ఐటీయూ జి.984 | ఐటీయూ జి.9807.1, 2016 |
| తరంగదైర్ఘ్యం, నానోమీటర్లలో (కిందికి / పైకి) | మాడ్యూల్‌ని బట్టి | 1490 / 1310 | 1490 / 1310 | 1577 / 1270 |
| దారిలో కరెంటు | ప్రతి స్విచ్ దగ్గరా కావాలి | అక్కర్లేదు | అక్కర్లేదు | అక్కర్లేదు |
| వేరే కంపెనీ ఓఎన్‌యూ | ఆ ఇబ్బందే లేదు | చాలావరకు నడుస్తుంది | పెట్టి చూసి కొనాలి | ముందు రాతపూర్వకంగా అడగాలి |
| మన వైపు స్పేర్ | ఏ కంప్యూటర్ షాపులోనైనా | సులువు | సులువు | కష్టం |

స్విచ్‌లు, మీడియా కన్వర్టర్లు

ఇంకా కొన్ని టౌన్లలో స్తంభానికి ఇనప డబ్బా కట్టి, అందులో స్విచ్ పెట్టి, ఎవరింటి నుంచో కరెంటు లాగి నడిపిస్తున్నారు. ఆ ఇంటాయన ఊరెళ్తూ మెయిన్ ఆఫ్ చేస్తే వీధి మొత్తం ఆఫ్. పిడుగు పడితే ఆ లైన్‌లో ఉన్న స్విచ్‌లన్నీ వరసగా పోతాయి. ఒక అపార్ట్‌మెంట్ లోపలో, కాలేజీ హాస్టల్‌లోనో ల్యాన్ కేబుల్ 100 మీటర్ల లోపు పోయే చోట ఇది ఇప్పటికీ మంచిదే. వీధుల్లోకి వద్దు.

ఈపాన్

చవక. ఓఎల్‌టీ చవక, ఓఎన్‌యూ చవక, కాన్ఫిగర్ చేయడం కూడా తేలిక. 150, 200 కనెక్షన్ల దగ్గర ఆగిపోయే ఊరికి దీన్ని మించింది లేదని చాలాకాలం నేనూ అనేవాణ్ణి. ఇప్పుడు కొత్తగా పెట్టేవాళ్లకి చెప్పడం మానేశాను, దానికి కారణం స్పీడ్ కాదు. రేపు మారాల్సి వచ్చినప్పుడు దారి ఉండదు. ఈపాన్, జీపాన్ రెండూ ఒకే రంగు లైట్ మీద నడుస్తాయి కాబట్టి ఒకే ఫైబర్ మీద రెండూ కలిసి ఉండలేవు. పోనీ నేరుగా ఎక్స్‌జీఎస్‌పాన్‌కి దూకుదామంటే, ఈపాన్ ఓఎన్‌యూ పైకి పంపే లైట్‌కి 1260 నుంచి 1360 వరకు వెడల్పు ఇచ్చారు. 1270 అందులోనే పడుతుంది. అంటే మారే రోజున ఆ పోర్టు మీదున్న ఇళ్లన్నీ ఒకేసారి మార్చాలి. 64 ఇళ్ల తలుపులు ఒక్క రోజులో తట్టడం మన మనుషుల వల్ల అయ్యే పనేనా?

ఇప్పటికే ఈపాన్ ఉండి నడుస్తుంటే మాత్రం తొందర లేదు. కొత్తగా కొనే ప్రతి ఓఎన్‌యూ ఈపాన్, జీపాన్ రెండిట్లోనూ పనిచేసే ఎక్స్‌పాన్ రకం కొనండి. రెండు మూడేళ్లలో పోర్టులో చాలా ఇళ్లు వాటంతటవే మారి ఉంటాయి. మిగిలిన కొద్ది ఇళ్లకి వెళ్లి మార్చి, పోర్టుని జీపాన్ ఓఎల్‌టీకి తిప్పేయొచ్చు.

జీపాన్

మన జిల్లాల్లో చాలామందికి ఇదే నా సలహా. వేగం చాలినంత. మనుషులకి తెలుసు, స్పేర్ దొరుకుతుంది. ఎక్స్‌జీఎస్‌పాన్ వేరే రంగుల మీద నడుస్తుంది కాబట్టి రేపు హెడ్‌ఎండ్‌లో కంబైనర్ పెట్టి అదే ఫైబర్ మీద రెండూ నడపొచ్చు. డబ్బిచ్చే కస్టమర్‌కి టెన్ జీ, మిగతావాళ్లకి పాతదే. కంబైనర్ ఒక డీబీ దాకా తింటుంది, పైన లెక్కలో మిగులు చూసుకోవాల్సింది అందుకే.

దీనిలో ఉచ్చు ఓఎన్‌యూ దగ్గర ఉంది. ఓఎల్‌టీ, ఓఎన్‌యూ మాట్లాడుకునే ఓఎమ్‌సీఐ అనే భాషకి ప్రమాణమైతే ఉంది గానీ, ఒక్కో కంపెనీ సొంత యాస కలుపుతుంది. ఇంటర్నెట్ వస్తుంది, వైఫై పాస్‌వర్డ్ దూరం నుంచి మార్చడం రాదు. లేదా వాయిస్ పనిచేయదు. మా వైపు ఒక ఆపరేటర్ ఓఎల్‌టీకి కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించాడు. తెల్లారేసరికి బయట కంపెనీ ఓఎన్‌యూలన్నీ ఎర్ర లైటు. అమ్మినవాళ్లు చెప్పిన పరిష్కారం "మా ఓఎన్‌యూలే వాడండి". పాత ఫర్మ్‌వేర్ ఫైల్ ఆయన దగ్గర ఉంది కాబట్టి బతికిపోయాడు. ఓఎల్‌టీని తక్కువకి ఇచ్చి ఓఎన్‌యూల మీద రాబట్టుకోవడం ఈ వ్యాపారంలో పాత ఎత్తే. కొటేషన్ తీసుకున్నప్పుడు ఓఎల్‌టీ ధర ఒక్కటే చూడకండి. 500 ఓఎన్‌యూలు, పోర్టు లైసెన్స్, మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్, మూడో ఏడాది నుంచి ఏఎమ్‌సీ (ఏటా కట్టే మెయింటెనెన్స్) అన్నీ కలిపి పోల్చండి. అప్పుడు కొటేషన్ల వరస తారుమారవుతుంది.

కొనేముందు ఇంకో ప్రశ్న అడగండి: రోగ్ ఓఎన్‌యూని కనిపెడుతుందా? ఒక ఇంట్లో ఓఎన్‌యూ చెడిపోయి తన వంతు రాకుండా లేజర్ వెలిగిస్తూ కూర్చుంటే ఆ పోర్టులో 64 ఇళ్లూ పోతాయి. ఓఎల్‌టీ దాన్ని పట్టుకోలేకపోతే, స్ప్లిట్టర్ దగ్గర ఒక్కో కాలూ పీకి చూడటం తప్ప మార్గం లేదు. రాత్రి పదింటికి, స్తంభం మీద, ఫోన్ ఆగకుండా మోగుతుంటే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో పడినవాళ్లకే తెలుసు.

ఎక్స్‌జీఎస్‌పాన్

సాంకేతికంగా మంచిదే, ఆ మాట కాదనను. కానీ మీ పాత లైను మీద అది జీపాన్ నడిచినట్టే నడుస్తుందనుకోకండి. లైట్ తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ ఫైబర్ వంపుల దగ్గర ఎక్కువ కారిపోతుంది. 1490లో సర్దుకుపోయిన బిగుతు చుట్ట, తలుపు సందులో నలిగిన డ్రాప్ వైర్, 1577లో సమస్య అవుతాయి. రోడ్డు పొడుగునా 10:90, 20:80 కప్లర్లు (లైట్‌ని ఆ నిష్పత్తిలో పంచేవి) వేసుకుంటూ పోయిన పాత కేబుల్ టీవీ లైన్లయితే ఇంకా చూసుకోవాలి. 1310, 1550 కోసం చేసిన చవక కప్లర్ 1577లో అదే నిష్పత్తిలో పంచుతుందన్న గ్యారంటీ లేదు. అదే ఫైబర్ మీద 1550లో కేబుల్ టీవీ కూడా పంపుతుంటే ఫిల్టర్లు సరిచూసుకోవాలి.

ఎవరికి పనికొస్తుందంటే, బరంపురం లాంటి నగరంలో ఆసుపత్రులు, కోచింగ్ సెంటర్లు, సీసీటీవీ పైకి పంపే షాపులు ఉన్నవాళ్లకి. అక్కడ కూడా ఒక కార్డు, రెండు పోర్టులతో మొదలుపెట్టండి. ఒకే పోర్టులో రెండూ పంపే కాంబో మాడ్యూళ్లున్న ఓఎల్‌టీలు వస్తున్నాయి, అలాంటి స్లాటు ఖాళీ ఉంటే చాలు.

గాలిలో పంపడం

గజపతి జిల్లా కొండల మీద సవర గూడెం, ముప్పై ఇళ్లు, మధ్యలో అడవి. అక్కడికి ఫైబర్ వేస్తే డబ్బు తిరిగి రాదు. 5 గిగాహెర్ట్జ్ పాయింట్ టు పాయింట్ రేడియో పెట్టండి. 2018లో ఆ బ్యాండ్‌లో 605 మెగాహెర్ట్జ్ లైసెన్స్ అక్కర్లేకుండా తెరిచారు కాబట్టి స్పెక్ట్రమ్ ఖర్చు లేదు. రెండు చివరలూ ఒకదానికొకటి కనపడాలి, వేసవిలో చూసిన దారికి వర్షాకాలంలో కొమ్మలు అడ్డొస్తాయి. సోలార్ బ్యాటరీ ముందు కొని, రేడియో తర్వాత కొనండి.

టౌన్‌లో మాత్రం ఇది మీకు పోటీ. 2023 నుంచి జియో, ఎయిర్‌టెల్ రెండూ ఎయిర్‌ఫైబర్ పేరుతో ఇళ్లకి వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ అమ్ముతున్నాయి. టవర్ దగ్గర జనం పెరిగితే వేగం పంచుకోవాల్సిందే. కనుక వాళ్లతో స్పీడ్ అంకె మీద పోటీ పడటం కంటే, ఫోన్ చేస్తే గంటలో మనిషి రావడం మీద పోటీ పడటం తెలివి.

భారత్‌నెట్ చూసి ఏం నేర్చుకోవచ్చు

2011లో ఎన్‌ఓఎఫ్‌ఎన్ పేరుతో మొదలైన, పంచాయతీలకి ఫైబర్ వేసే ఈ కేంద్ర పథకం మొదటి దశలో బ్లాక్‌లో జీపాన్ ఓఎల్‌టీ, పంచాయతీలో ఓఎన్‌టీ (ఓఎన్‌యూ లాంటిదే) పెట్టారు. 2023 ఆగస్టులో 1,39,579 కోట్లతో ఆమోదించిన సవరణ పథకంలో పంచాయతీలని రింగ్‌గా (రెండో దారి ఉండేలా) కలపమన్నారు. తీగ ఒక దారిలోనే పోతే ఒక్క దెబ్బకి దాని కిందివన్నీ ఆగిపోతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం, గజపతి రెండు జిల్లాల్లోనూ స్తంభాలు వరసగా పడ్డాయి. అప్పుడు ఎవరిది ఈపాన్, ఎవరిది జీపాన్ అన్న తేడా లేదు. రెండో దారి ఉందా లేదా అన్నదే తేడా. అందుకే మెయిన్ రూట్ మీద 12 కోర్లు (ఫైబర్ పోగులు) చాలనిపించినా 24 వేయమంటాను. స్తంభం, కూలీ, అనుమతి ఒకటే, కేబుల్ ధరలో పడే తేడా చిన్నది.

సరిహద్దు వల్ల వచ్చే తంటా

పర్లాకిమిడి నుంచి పాతపట్నం నడిచి వెళ్లొచ్చు, కానీ టెలికాం సర్కిల్ మారిపోతుంది. ఐఎస్‌పీ (ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ) లైసెన్సుల్లో ఎ కేటగిరీ దేశమంతటికీ, బి ఒక సర్కిల్‌కి, సి అంతకంటే చిన్న ఏరియాకి. ఆంధ్ర సర్కిల్ బి లైసెన్సున్న ఐఎస్‌పీ కింద మీరు ఫ్రాంచైజీ అయితే ఇటు ఒడిశాలో కనెక్షన్ ఇవ్వడానికి లేదు. మహారాష్ట్ర వైపు సిరొంచ, ధర్మాబాద్‌లలో తెలంగాణ ఐఎస్‌పీతో మాట్లాడుకునేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. 2023 టెలికాం చట్టం కింద లైసెన్సు నిబంధనలు మారుతున్నాయి కాబట్టి సంతకం పెట్టేముందు తాజా రూల్ అడగండి. అలాగే 2021 జూన్ 15 నుంచి లైసెన్సుదారులు ప్రభుత్వం ఆమోదించిన ట్రస్టెడ్ సోర్స్ పరికరాలే నెట్‌వర్క్‌లో కలపాలి. చవగ్గా దొరికిన సెకండ్ హ్యాండ్ చైనా ఓఎల్‌టీ అక్కడ ఇరికిస్తుంది.

బ్యాండ్‌విడ్త్ తెచ్చుకునే లింక్‌కి డార్క్ ఫైబర్ (వాడకుండా ఖాళీగా ఉన్న ఫైబర్) దొరికితే 80 కి.మీ. టెన్ జీ మాడ్యూల్ రెండు చివరలా గుచ్చి చూడండి. అది నిండితే సీడబ్ల్యూడీఎం మక్స్ (ఒకే ఫైబర్ మీద చాలా రంగులు కలిపి పంపే డబ్బా), దానికి కరెంటు కూడా అక్కర్లేదు. డీడబ్ల్యూడీఎం ట్రాన్స్‌పాండర్ షెల్ఫ్ (అదే పని ఇంకా ఎక్కువ రంగులతో చేసే పెట్టె) అమ్మజూపేవాళ్లకి ఇప్పట్లో తలుపు తీయనక్కర్లేదు. ఆ పరిశ్రమలోనే 400జెడ్ఆర్ లాంటి మాడ్యూళ్లు రౌటర్లోకే వచ్చేసి ఆ షెల్ఫులకి గిరాకీ కొరుకుతున్నాయి.

మీరు ఎవరైతే ఏది

200 లోపు కనెక్షన్లు, కొత్తగా మొదలుపెడుతున్నారు: నాలుగు పోర్టుల జీపాన్, ఎక్స్‌పాన్ ఓఎన్‌యూలు, స్పేర్‌గా ఒక ఎస్‌ఎఫ్‌పీ (పోర్టులో గుచ్చే లేజర్ మాడ్యూల్). సొంత ఫ్యూజన్ మెషిన్ (ఫైబర్ అతికే యంత్రం) కొనలేకపోతే కనీసం మంచి పవర్ మీటర్ కొనండి, ప్రతి ఇంటి రీడింగ్ రాసి పెట్టుకోండి.

500 నుంచి 1,500 కనెక్షన్లు, ఈపాన్ నిండిపోయింది: కొత్త వీధులు జీపాన్ మీద, పాత పోర్టులు మెల్లగా. ఈ ఏడాది బడ్జెట్లో సగం రింగ్ మూయడానికి.

నగరంలో వ్యాపార కస్టమర్లున్నవాళ్లు: జీపాన్‌తో పాటు ఎక్స్‌జీఎస్‌పాన్ రెండు పోర్టులు, వాళ్లకి విడిగా వంపులు తట్టుకునే జి.657ఏ రకం డ్రాప్ వైర్.

అప్పు చేసి కొనాలనుకునేవాళ్లు ఆరు నెలలు ఆగి, ముందు ఉన్న లైన్లో −25 డీబీఎం కంటే దిగిన ఇళ్లన్నీ సరిచేయండి. "స్పీడ్ రావట్లేదు" అన్న ఫిర్యాదుల్లో ఎన్ని ఆ జాయింట్ల దగ్గరే తీరిపోయాయో చూసి, అప్పుడు కొటేషన్ అడగండి. డెమోకి తెచ్చిన ఓఎల్‌టీని మీ లైన్లో అన్నిటికంటే దూరంగా, అన్నిటికంటే చెత్తగా ఉన్న ఇంటి మీద పెట్టి చూపించమనండి. ఆఫీసు టేబుల్ మీద రెండు మీటర్ల ప్యాచ్ కార్డ్‌తో చూపిస్తే ప్రతి పెట్టే టెన్ జీ ఇస్తుంది.